వెనక తలుపు వార్త

మంటలు ఆరిన మూడో రోజు పొద్దున పేపరక్క పేపరు విప్పి, రోజూ చదివే గొంతుతోనే చదివింది.

"పాతబట్టల షెడ్డులో మంటలు. ముగ్గురు కార్మికురాళ్ళ మృతి. వెనక తలుపు తెరిచే ఉన్నప్పటికీ, బట్టల జేబుల్లో దొరికిన వస్తువులను దాచుకున్న మూటల కోసం ముగ్గురూ మళ్ళీ లోపలికి వెళ్ళడమే వారి ప్రాణాల మీదికి తెచ్చిందని తెలిసింది. యజమాని సకాలంలో స్పందించడంతో మిగిలిన నలభై మందీ సురక్షితంగా బయటపడ్డారు."

గేటు బయట గోడవారన కూర్చున్న నలభై మందిలో ఒక్కరూ కదల్లేదు. పేపరక్క అక్కడ ఆగనూ లేదు. దాని కింద నీటి సరఫరా గురించి ఏదో వార్త ఉంటే అదీ మొదలుపెట్టి మూడు వాక్యాలు చదివింది. అప్పుడు గుండీల పిన్ని లేచి వచ్చి ఆమె చేతిలోంచి పేపరు లాక్కుంది.

"ఏం చదివావో తెలుసా నీకు?"

పేపరక్క తలెత్తి చూసింది. తెలియలేదు. కళ్ళు చదివాయి, నోరు పలికింది, మధ్యలో తను లేదు. చచ్చిపోయిన ముగ్గురిలో ఒకతె ఆమె తోడికోడలు.

ఆ షెడ్డు సంగతి కాస్త చెప్పాలి. జనం విడిచేసిన బట్టలు మూటలుగా లారీల్లో అక్కడికి వచ్చేవి. ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని గుండీలు, కొక్కేలు, జిప్పులు కత్తిరించి రంగుల వారీగా బుట్టల్లో వేసేవాళ్ళు. ఆ తర్వాత అవి చీల్చే మిషన్లోకి పోయేవి. చేతులకి ఊపిరాడనంత పని, చెవులకి ఏ పనీ లేదు. అందుకని ఎప్పటినుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒకరు పేపరు చదవాలి, మిగిలినవాళ్ళు తలో గుప్పెడు బట్టలు ఆమె బుట్టలో వేసి ఆమె వంతు పని నింపాలి. పదకొండేళ్ళుగా ఆ ఒకరు పేపరక్కే. ఒత్తులు చక్కగా పలుకుతుంది, ఆగాల్సిన చోట ఆగుతుంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎవరి నోటా లేదు.

పేపరు యజమాని ఆఫీసు నుంచి ఊరికే వచ్చేది. మన చెవులక్కూడా ఇంత తిండి పెడుతున్నాడు మహానుభావుడు అని మురిసిపోయేవాళ్ళు. ఆ పేపరుకి ఆయన ఏటా ఎన్నెన్ని ప్రకటనలిస్తాడో ఎవరూ ఆలోచించలేదు. ఊళ్ళో ఇంకో పేపరు కూడా ఉందనీ, నలభై మంది కలిస్తే దాన్నీ కొనుక్కోవచ్చనీ ఒక్కరికీ తోచలేదు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రెకైతే చదువు రాదు, వీళ్ళలో సగం మందికి వచ్చు. తోచకపోవడం కూడా తప్పే. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక తలుపు సంగతి. అది తెరిచి లేదు. జేబుల్లో దొరికే చిల్లరా ఉంగరాలూ ఆడవాళ్ళు వెనకనుంచి దాటించేస్తున్నారని యజమానికి అనుమానం. అందుకని బయటినుంచి గొలుసు వేయించి తాళం పెట్టించాడు. మిషన్ దగ్గర రవ్వ లేచి బట్టలంటుకున్నప్పుడు ముందు వరసలవాళ్ళు ముందు తలుపు గుండా పడుతూ లేస్తూ బయటపడ్డారు. చదివే మనిషికి వెలుతురు కావాలి కాబట్టి పేపరక్క చోటు ముందు తలుపు పక్కనే. అలా బతికింది. తోడికోడలిది వెనక వరస. లోపలినుంచి తలుపు లాగితే బయట గొలుసు మోగిన చప్పుడు నలభై మందీ విన్నారు. ఫైరింజన్ వచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

"పదండి, ఆ పేపరాఫీసుకి పోదాం," అంది గుండీల పిన్ని. పిన్నికి అరవై దాటాయి. షెడ్డులో ఆమె కత్తెరకి లొంగని గుండీ లేదు, ఆమె నోటికి లొంగని సూపర్‌వైజరూ లేడు.

నలభై మందీ వెళ్ళారు. మెట్ల దగ్గరే ఆపేశారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకతను కిందికి దిగి వచ్చాడు.

"మాకొచ్చిన సమాచారం మేం వేశామమ్మా. అందులో మా సొంత మాట ఏముంది?"

"సమాచారం ఇచ్చిందెవరు?"

"అది చెప్పకూడదు."

"మీలో ఎవరైనా షెడ్డు దగ్గరికొచ్చారా? ఆ తలుపు చూశారా?"

"మీ వాదన కాగితం మీద రాసివ్వండి, చూస్తాం."

రాసిచ్చారు. మర్నాడు పేపరంతా తిరగేశారు, ఆ మర్నాడూ తిరగేశారు. ఎక్కడా లేదు. ఈలోగా ఊరు తన పని తాను చేసుకుపోయింది. టీ బంకు దగ్గర, బస్సులో, నీళ్ళ కుళాయి దగ్గర అందరిదీ ఒకటే మాట: నిప్పు లేనిదే పొగ రాదు. ఆ సామెత ఇలాంటి చోట వాడకూడదని కూడా ఎవరికీ అనిపించలేదు.

పేపరక్క ఇంట్లో మరిది గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. తాపీపని చేస్తాడు. అతనూ చచ్చిపోయిన పిల్లా, పేపరక్కా ఆమె పెనిమిటీ, అందరూ ఒకే ఇంట్లో తొమ్మిదేళ్ళు కాపురం చేశారు. తోడికోడళ్ళు కదా, రోజుకొక మాటైనా అనుకోకపోతే ఇద్దరికీ అన్నం సయించేది కాదు. పొయ్యి ఎవరు తుడవాలన్న దగ్గర మొదలై పుట్టిళ్ళ దాకా పోయేది. ఇప్పుడు పొయ్యి ఒక్కతే తుడుస్తోంది. తుడిచిందే మళ్ళీ తుడుస్తోంది.

"వదినా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"అది నిజంగానే మళ్ళీ లోపలికెళ్ళిందా?"

"ఎవరన్నారు?"

"పేపర్లో వేశారుగా. పని దగ్గర అందరూ అడుగుతున్నారు. మేస్త్రీ అయితే, ఏం దాచిందిరా మీ ఆవిడా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నేనక్కడ లేనుగా."

గొలుసు సంగతి చెప్పింది. అతను వింటూ తలూపాడు. సగం నమ్మాడు. మిగతా సగం అచ్చులో ఉంది. ఆమెకి కోపం రావాల్సింది, రాలేదు. మంటల రోజునుంచి ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా ఎవరిదో అయినట్టుంది. అన్నం పెట్టింది, అతను తిన్నాడు, కంచం కడిగింది. కడుగుతుండగా ఒక్క సంగతి మాత్రం ఖాయంగా అనిపించింది. ఊరేమన్నా అనుకోనీ, ఈ ఇంట్లో ఆ పిల్ల దొంగగా మిగిలిపోకూడదు. ఇంకో నాలుగు రోజుల్లో ప్రభుత్వ విచారణ. అక్కడ పేపరు మాటే నిలిస్తే ఇక దాన్ని చెరపడం బ్రహ్మతరం కూడా కాదు.

మర్నాడు గేటు దగ్గర మీటింగు పెట్టుకున్నారు. మీటింగంటే ఏముంది, గోడవారన కూర్చుని ఒకళ్ళ మాటకి ఇంకొకళ్ళు అడ్డుపడటమే.

"విచారణలో మనం చెబితే ఎవరు నమ్ముతారు? దొంగలు దొంగల్ని వెనకేసుకొస్తున్నారంటారు."

"మనతో పాటు ఊళ్ళో ఎవరైనా నిలబడాలి."

"ఎవరు నిలబడతారు? అందరూ ఆ పేపరే చదివారు."

అప్పుడు గుండీల పిన్ని మెల్లగా పేపరక్కని అడిగింది. "పోయిన వానల్లో తోళ్ళ కార్ఖానా వాళ్ళ గురించి ఒకటి చదివావు చూడు, ఒకడు తాగి తోళ్ళు నానేసే సున్నపు గుంటలో పడి చచ్చిపోయాడని. అదీ ఇలాంటి వార్తేనంటావా?"

తల తీసేసినట్టయింది అందరికీ. చదివిన రోజు బాగా గుర్తుంది. ఆ చచ్చిపోయినవాడి భార్య, అక్కడే తోళ్ళు గీకే మనిషి, ఇరవై మందిని వెంటబెట్టుకుని ఇదే గేటు దగ్గరికి వచ్చింది. ఒక్క గంట పని ఆపి మాతో నిలబడండి అని అడిగింది. "మీ మొగుళ్ళు తాగినప్పుడల్లా మేం పని ఆపితే మా పొయ్యిలోకి పిల్లి వెళ్ళి పడుకుంటుంది," అని లోపలినుంచి ఒకతె అరిచింది. అందరూ విరగబడి నవ్వారు. పేపరక్క కూడా నవ్వింది. ఆ మాటన్నది తోడికోడలే.

ఆ సాయంత్రమే పిన్నీ పేపరక్కా తోళ్ళ కార్ఖానాకి వెళ్ళేసరికి తోళ్ళు గీకే మనిషి చేతులు కడుక్కుంటూ నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"ఇప్పుడు గుర్తొచ్చామా?"

"తప్పయిపోయింది తల్లీ," అంది పిన్ని.

"తప్పు ఎవరు చేశారు? అందరూ చేశారంటే ఎవరూ చెయ్యనట్టే."

"చదివింది నేను," అంది పేపరక్క.

ఆమె లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచిన పాత పేపరు తెచ్చింది. మడతల దగ్గర చిరిగి ఉంది. అప్పటికే పని దిగిన కార్మికులు చుట్టూ మూగారు. "చదువు. ఆ రోజు ఎలా చదివావో అలాగే చదువు, మా అందరి ముందూ."

పేపరక్క చదివింది. "మద్యం మత్తులో ఉన్న కార్మికుడు అదుపుతప్పి సున్నపు గుంటలో..."

"ఆగు. ఇది చూసినవాళ్ళెవరు?"

గుంపులోంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. "చూసింది నేను. వాడు తాగడు. గుంట మీది పలక విరిగి రెండు నెలలైంది. సూపర్‌వైజర్‌కి నేనే రెండుసార్లు చెప్పాను."

"చదువు."

"వెంటనే ఆసుపత్రికి తరలించినా ఫలితం లేకపోయింది."

"చూసినవాళ్ళెవరు?"

"మేం నలుగురం. బండి అడిగితే లేదన్నారు. గోనెసంచిలో వేసుకుని మోసుకెళ్ళాం."

"యాజమాన్యం మృతుని కుటుంబాన్ని పరామర్శించి..."

"అది చూసినదాన్ని నేనే," అంది ఆమె. "ఒక్క నరపురుగు కూడా మా గడప తొక్కలేదు."

పదకొండేళ్ళలో మొదటిసారి పేపరక్కకి తను చదువుతున్నది తనకి వినపడింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇన్నాళ్ళూ ఎంతమంది మీద ఎన్ని అబద్ధాలు తన పెదవే దాటించిందో.

"మీమీద ప్రేమతో రావట్లేదు మేము," అంది తోళ్ళు గీకే మనిషి పేపరు మడుస్తూ. "ఆ గుంట మీద పలక ఇంకా వెయ్యలేదు. రేపు దానిమీద మా వాడింకొకడు నడవాలి. మీ తలుపు నిజం బయటికొస్తే మా గుంట కూడా అడగొచ్చు. అందుకొస్తాం."

పేపరక్కకి ఆ మాట బాగా నచ్చింది. క్షమించానంటే ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

విచారణ రోజు హాలు నిండిపోయింది. నలభై మంది వీళ్ళు, డెబ్భై మంది తోళ్ళవాళ్ళు, గుమ్మం దగ్గర పోలీసులు. ముందు కుర్చీలో యజమాని. పక్క బల్ల మీద మీసాల ఫైర్‌మన్, అతని పక్కన అతని ఆఫీసరు. విచారణాధికారి ఫైలు తెరిస్తే మొట్టమొదటి కాగితం పేపరు కటింగే. దాన్ని గుండుసూదితో జాగ్రత్తగా గుచ్చి పెట్టారు.

"ఏమైందో పేపర్లో వివరంగానే వచ్చింది కదా," అన్నాడాయన. "ఇంకా ఎవరైనా చెప్పేదుందా?"

"అయ్యా, ఆ కటింగు ఒకసారి పైకి చదవనివ్వండి," అంది పేపరక్క.

ఆయనకి అందులో తప్పేమీ కనపడలేదు. ఇచ్చాడు. ఆమె నిలబడి, ఆగాల్సిన చోట ఆగుతూ చదివింది. "వెనక తలుపు తెరిచే ఉన్నప్పటికీ."

"చూసినవాళ్ళెవరు?" అంది హాలు.

విచారణాధికారి ఉలిక్కిపడ్డాడు. వీళ్ళలో పదిమంది లేచి నిలబడ్డారు. గొలుసు చూసినవాళ్ళు, చప్పుడు విన్నవాళ్ళు, తాళం వేస్తుంటే అదేంటని అడిగి తిట్లు తిన్నవాళ్ళు.

"మీరంతా ఒక జట్టు. మీ మాట మీరే బలపరుచుకుంటే చెల్లదు. సంబంధం లేనివాళ్ళెవరైనా చూశారా?"

అందరి కళ్ళూ ఒకచోటికే వెళ్ళాయి. మీసాల ఫైర్‌మన్ తన బూట్లవంక చూసుకుంటున్నాడు.

"మా రిపోర్టు ఫైల్లోనే ఉంది," అన్నాడు అతని ఆఫీసరు.

"ఉంటే ఉంది. రాసినాయన నోటితో వింటాం," అంది తోళ్ళు గీకే మనిషి. "చదువు బాబూ. అందులో తప్పేముంది?"

అతను లేచి కాగితం అందుకున్నాడు. "మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఘటనాస్థలానికి చేరుకుంటిమి. వెనక తలుపు గుండా లోనికి ప్రవేశించితిమి." ఆగాడు. కాగితంలో ఆ తర్వాత చాలా ఉంది. అతనికి కనపడనట్టుంది.

"ఎలా ప్రవేశించారు బాబూ?" అంది గుండీల పిన్ని, ఇంట్లో పిల్లాణ్ణి అడిగినట్టు.

ఆఫీసరు దగ్గాడు. ఫైర్‌మన్ మీసం మీద చెమట పట్టింది.

"గొలుసు కోసి," అన్నాడు. "నేనే కోశాను."

హాల్లో అందరికంటే వెనక మరిది నిలబడి ఉన్నాడు. ఎవర్నీ అనుమతి అడక్కుండా గట్టిగా అడిగాడు. "ముగ్గురూ ఎక్కడున్నారు?"

"తలుపు దగ్గరే. ముగ్గురూ తలుపుని పట్టుకునే ఉన్నారు."

మరిది ఉన్నచోటే కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. పేపరక్క అతనివైపు ఒక్కసారి చూసి, మళ్ళీ బల్లవైపు తిరిగింది. గుమాస్తా ఏదో రాసి కలం మూత పెడుతున్నాడు.

"ఏం రాశారో పైకి చదవండి."

గుమాస్తా విచారణాధికారిని చూసి, గొంతు సవరించుకుని చదివాడు. "వెనక తలుపు విషయమై భిన్నాభిప్రాయాలు వ్యక్తమైనవి."

ఎంత నున్నటి వాక్యమో చూడండి. ముగ్గురి ప్రాణాలు అందులోంచి జారిపోయినా గీత పడదు. నూటపది మందీ నేలమీద చతికిలబడ్డారు. కోసినాయన చెప్పింది చెప్పినట్టు రాసేదాకా లేచేది లేదన్నారు. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. యజమాని వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. చివరికి గుమాస్తా కలం మూత తీసి రాశాడు. పైకి చదివాడు. "తలుపుకు బయటినుండి గొలుసు వేసియుండగా, దానిని నేనే కోసితిని." ఇంకోసారి చదవమన్నారు. చదివాడు.

ఆ తర్వాతే పోలీసులు కదిలారు. ప్రభుత్వ పనికి ఆటంకం కలిగించినందుకు గొడవకి మూలమైన మనిషంటూ పేపరక్కని జీపెక్కించారు. మిగిలినవాళ్ళు జీపు వెనకే స్టేషన్‌దాకా నడిచారు, వాకిట్లో కూర్చున్నారు.

పొద్దున మరిది గిన్నెలో అన్నం, చంకలో రెండు పేపర్లు పెట్టుకుని వచ్చాడు. కటకటాల సందులోంచి లోపలికి అందించాడు. ఎప్పుడూ చదివే పేపర్లో 'విచారణలో అల్లరిమూకల వీరంగం' అని పెద్దక్షరాల్లో ఉంది. గొలుసు మాటే లేదు. రెండో పేపర్లో ఉంది, లోపలి పేజీలో, నాలుగు లైన్లు. పేపరక్కకి ఆశ్చర్యం వెయ్యలేదు. రెండోదానికి మాత్రం యజమాని ఉండడా ఏం?

"మేస్త్రీకి చెప్పాను వదినా, గొలుసు సంగతి."

"ఏమన్నాడు?"

"పేపర్లో రాలేదే అన్నాడు. నేనక్కడున్నాను, నా చెవుల్తో విన్నాను అన్నాను. మా జట్టు మొత్తాన్నీ కూర్చోబెట్టి చెప్పాను." కటకటాలు పట్టుకున్నాడు. "అది తలుపు దగ్గరే ఉంది వదినా."

"తలుపు దగ్గరే ఉంది."

ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆకలి మాత్రం వేసింది, ఇన్ని రోజుల తర్వాత. అన్నం తినేసింది.

ఆ గదిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. నిన్న సాయంత్రమే తెచ్చి పడేశారు. ఒకామె మోచేతికి గుడ్డ కట్టుకుంది. తిరగేస్తున్న పేపర్లో ఒకచోట పేపరక్క కళ్ళు ఆగాయి. 'కూరగాయల బండ్ల వారి దౌర్జన్యం. రోడ్డు ఖాళీ చేయించబోయిన సిబ్బందిపై దాడి.' ఆమె ఆ ఇద్దరివంకా చూసింది.

"మీరు కూరగాయల బండ్లవాళ్ళా?"

"అవును. ఏం, మా గురించి రాశారా? నీకు చదువొచ్చుగా, చదువు."

పేపరక్క చదవబోయి, నోరు మూసుకుంది. పేపరు మడిచి పక్కన పెట్టి వాళ్ళ దగ్గరికి జరిగింది.

"అది తర్వాత చదువుతాను. ముందు మీరు చెప్పండి. ఏం జరిగింది?"

గుడ్డ కట్టుకున్నామె ఈవిడకి చెప్పి ఏం లాభమన్నట్టు ఎగాదిగా చూసింది. తర్వాత ఏమనుకుందో, మొదలుపెట్టింది. "నిన్న మధ్యాహ్నం బండి పక్కన కూర్చుని తింటున్నానా..."

అప్పుడే వాకిట్లో నినాదాలు లేచాయి. నూటపది గొంతులు ఒక్కసారిగా అరుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినపడటం లేదు. పేపరక్క లేచి కిటికీ ఊచలు పట్టుకుని, పదకొండేళ్ళు షెడ్డు చివరి వరసదాకా వినిపించిన గొంతుతో అరిచింది.

"పిన్నీ! కాసేపు అరవడం ఆపమను. ఇక్కడ వీళ్ళు చెప్పేది వినపడట్లేదు."

గుండీల పిన్ని చెయ్యెత్తింది. నూటపది మందీ నోళ్ళు మూసుకుని కిటికీ కిందికి వచ్చి కూర్చున్నారు. అంతసేపు నినాదాలకి కుర్చీలోంచి కదలని పోలీసు, ఆ నిశ్శబ్దానికి లేచి నిలబడ్డాడు. లోపల కూరగాయలామె గొంతు పెంచి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.